నాత్సె వదిలిన గంట

సిరిల్ వేళ్ళ సంగతి ఆ కొండమీది ఊళ్ళన్నిటికీ తెలుసు. వడ్రంగం చేసి చేసి మొద్దుబారిన వేళ్ళు. సుత్తి కనపడకపోతే మేకును బొటనవేలితోనే దూలంలోకి దిగ్గొట్టేవాడని అతని పాత నేస్తం పెపి చెబుతాడు. పెపి చెప్పినదాంట్లో సగం తీసేసి, ఉన్న సగాన్ని ఎండబెట్టి, ఆఖరికి మిగిలింది నమ్మాలి. అయినా వేళ్ళ లావు మాత్రం నిజమే. ల్యాప్‌టాప్ మీద ఒక అక్షరం నొక్కబోతే పక్కనున్న అక్షరాలు రెండు కూడా పలికేవి.

ఆ బుధవారం సాయంత్రం ఊరి అగ్నిమాపక సంఘం హాల్లో అదే జరుగుతోంది. ఒక పక్క ఎర్ర ఫైరింజను, గోడకు వరసగా తగిలించిన హెల్మెట్లు, వాటి కింద రెండు పొడుగు బల్లలు. బల్లల దగ్గర తలలు వంచుకుని కూర్చున్నవాళ్ళంతా నెత్తి నెరిసినవాళ్ళే. ద్రాక్షతోట మీద మంచు పడబోయే ముందు కూతపెట్టే యంత్రం కావాలని ఒకాయన వచ్చాడు. తేనెపెట్టెల బరువు వంటింట్లో కూర్చునే తెలుసుకోవాలని ఒకావిడ వచ్చింది. ఒక్కొక్కరి ముందు అగ్గిపెట్టెకన్నా చిన్న పచ్చ బోర్డు, దానికో తీగ. వాళ్ళ నడుమ తిరుగుతూ, నేర్పుతూ నేజా.

"ఏం బాబాయ్, మళ్ళీ ఎర్రగీత వచ్చిందా?"

"వచ్చింది. దీనికి నేనంటే గిట్టదమ్మాయ్."

నేజా వంగి చూసింది. "చివర చుక్కా కామా పెట్టలేదు మీరు. మాట అయిపోయిందని దానికెలా తెలుస్తుంది?"

"నోరు మూస్తే అయిపోయినట్టే గదా!"

"నీ నోరు మూసుకోవడం ఊళ్ళో ఎవరు చూశారని, పాపం ఆ బోర్డు చూడ్డానికి?" అన్నాడు వెనక కిటికీ గట్టు మీద కూర్చున్న పెపి. పెపి అక్కడికి ఏమీ నేర్చుకోవడానికి రాలేదు. తేనెపెట్టెలావిడ పోటిట్సా చేసి తెస్తుంది. అక్రోట్ల పొడి పూసి చుట్టిన ఆ రొట్టె ముక్క నోట్లో పెట్టుకుంటే చదువు దానంతటదే తలకెక్కుతుందని వాడి వాదన.

సిరిల్ చుక్కా కామా పెట్టాడు. ప్రోగ్రాం బోర్డులోకి ఎక్కింది. బోర్డు మీది బుల్లి దీపం వెలిగి ఆరింది. ఒక్క క్షణం ఆగి మళ్ళీ వెలిగి ఆరింది. సిరిల్ ఊపిరి బిగబట్టి ఎడమచేత్తో బల్ల మీద తట్టాడు. పెపి రొట్టె పక్కన పెట్టి మడమతో గోడను తన్నాడు. సిరిల్ తట్టు, దీపం, పెపి తన్ను, మళ్ళీ దీపం.

"మోగుతోంది రా," అన్నాడు పెపి మెల్లగా. "చప్పుడు లేకుండా మోగుతోంది."

మధ్య గంట, చిన్న గంట, పెద్ద గంట, మళ్ళీ చిన్న గంట. ఆ ఊరి చర్చి గోపురంలో పండగపూట వాయింపు అలాగే, ఊరేగింపు నడకకు సరిపోయేలా లెక్కపెట్టిన చుట్లు, సాగుతుంది. గంటలు ఊగవు. ఒక్కో గంట దగ్గర ఒక్కో మనిషి కూర్చుని దాని నాలుకను చేత్తో పట్టుకుని అంచుకు కొడతాడు. మధ్య గంట సిరిల్‌ది, జట్టుకు పెద్ద అతనే. పెద్ద గంట పెపిది. సందుసందునా పడే చిన్న గంట నేజా తండ్రి నాత్సెది. ఆఖరి రెండేళ్ళూ మోకాళ్ళ నొప్పులంటూ నాత్సె గోపురం ఎక్కలేదు. ఈ చలికాలంలో, మంచు మోకాటిలోతున ఉన్నప్పుడు, పోయాడు. ఆ చిన్న గంట పట్టుకోవడానికి ఊళ్ళో మరో మనిషి లేడు.

రాబోయే ఆదివారం ఊరి పండగ, సెయింట్ అర్బన్ పండగ. నాత్సె పోయాక వస్తున్న మొదటి పండగ. గంటల గడియారం కోసం చిన్న గంటకు కరెంటు సుత్తి ఒకటి ఎప్పుడో బిగించారు. ఆ సుత్తికీ ఈ బోర్డుకూ పొత్తు కుదిర్చితే మూడు గంటలూ ఒక్కసారి, నాత్సె పేరు మీద, కలిసి మోగుతాయి. సిరిల్ ఇందుకే వసంతమంతా ఈ బల్ల దగ్గర కూర్చుని చెమటలు కక్కాడు. నేజా ఇందుకే విసుక్కోకుండా నేర్పింది.

మొదట్లో సిరిల్‌కు అనుమానంగానే ఉండేది. "ఈ సరంజామా అంతా ఊరికే ఇస్తున్నారంటే లోపల ఏదో దాచి ఉంటారమ్మాయ్," అన్నాడు. నేజా ఆ సరంజామాను పొట్ట విప్పినట్టు విప్పి చూపించింది. "దాచడానికి లేదు బాబాయ్. ఊరూ పేరూ తెలియనివాళ్ళు రాసి, ఎవరైనా చూసుకోండి, దిద్దుకోండి అని వదిలేశారు." సిరిల్ చాలాసేపు అర్థంకాని ఆ గీతల్ని చూశాడు. పాతకాలం వడ్రంగులు తలుపు చెక్కి లోపలివైపు కీలు కూడా నున్నగా చేసి వదిలేవారు. ఎవరూ చూడరని తెలిసీ చేసేవారు. అలాంటివాళ్ళు ఇంకా ఉన్నారన్నమాట అనుకున్నాడు. అప్పట్నుంచి అనుమానం పోయింది.

"దీన్ని ఆపడం ఎలా?" అన్నాడు పెపి, ఇంకా వెలిగి ఆరుతున్న దీపాన్ని చూస్తూ.

"ఆగదు," అంది నేజా. "ఇందులో అసలు పని చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. ఆపడం దానికి తెలియదు. తీగ లాగెయ్యాలి, అంతే."

"నా పెళ్ళాం లాంటిది. దానికి తీగ కూడా లేదు," అన్నాడు పెపి. అందరూ నవ్వారు. "ఒరే సిరిల్, ఈసారైనా ఊరేగింపు గుమ్మం దాకా వచ్చేవరకు వాయిద్దాం రా. కిందటి రెండు పండగలూ మన వాయింపు అయిపోయాక కూడా ఫాదర్ గారు ఇంకా బావి మలుపు దగ్గరే ఉన్నారు. చప్పుడు లేకుండా నడుచుకుంటూ వచ్చారు, పాపం, దొంగలా."

"ఆయన ఒళ్ళు పెంచాడు. నడవలేకపోతున్నాడు," అన్నాడు సిరిల్.

"నాన్న మోకాళ్ళు బాగుండి ఉంటే ఆ రెండు పండగలకూ పైన మీతోనే ఉండేవాడు," అంది నేజా. అని సిరిల్ వంక చూసింది.

సిరిల్ చేతిలోని చిన్న స్క్రూ జారి కింద పడింది. దాన్ని వెతికే నెపంతో బల్ల కిందికి వంగి, అవసరమైనదానికన్నా చాలాసేపు అక్కడే ఉండిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం సిరిల్, పెపి గోపురం ఎక్కారు. సాధన చేసేటప్పుడు ఊరికి వినపడకూడదు, పండగ ముందే వచ్చేసిందని జనం నవ్వుతారు. అందుకని పాత బూటు తోలు కోసి, గంట నాలుకలకు చుట్టి, దారంతో బిగించారు. కరెంటు సుత్తికి కూడా ఒక ముక్క తొడిగాడు సిరిల్. బోర్డును ఒక చెక్కపెట్టెలో పెట్టి దూలానికి కొట్టాడు. ఆ పెట్టె ఎంత ముచ్చటగా చేశాడంటే, మూలల్లో ఒక్క మేకు లేదు, అంతా పళ్ళలో పళ్ళు దూర్చి బిగించిన అతుకు. తీగ మాత్రం తన చేతికి అందేలా పెట్టుకున్నాడు. చివర్లో లాగాల్సింది తనే గదా.

పెపి పెద్ద గంట కింద చతికిలబడి నాలుకను ఒళ్ళోకి తీసుకున్నాడు. "మా తాత ఈ గంట కొడితే అవతలి లోయలో కోళ్ళు రేపు పెట్టాల్సిన గుడ్లు ఇవాళే పెట్టేసేవిరా. ఒకసారి పండక్కి గట్టిగా కొట్టేసరికి ఎల్లుండి గుడ్లు కూడా..."

"హోప్!" అని వాయింపు మొదలెట్టే కేక వేశాడు సిరిల్. మీట నొక్కాడు.

మధ్య, చిన్న, పెద్ద, చిన్న. తోలు చాటున మెత్తగా, దుప్పటి కింద ఎవరో నడుస్తున్నట్టు. కొన్ని చుట్లు హాయిగా సాగింది. సిరిల్ ముఖం విప్పారింది. అప్పుడు చిన్న గంట కొంచెం వెనకబడింది. మరో చుట్టుకు ఇంకాస్త. ఆ తర్వాత చిన్న గంటా పెద్ద గంటా ఒకదాని మీద ఒకటి పడి, వాయింపు కాస్తా మెట్ల మీద దొర్లిన బిందె అయింది.

"అచ్చం నాత్సె!" అన్నాడు పెపి, ఒళ్ళంతా ఊగేలా నవ్వుతూ. "చూశావా, చచ్చినా ఆలస్యమే వీడు!"

నవ్వు సగంలో ఆగిపోయింది. పైన కాకులు రెక్కలు కొట్టుకున్నాయి.

"సుత్తిలో ఉంది తప్పు," అన్నాడు సిరిల్. "స్ప్రింగు మొండికేసింది."

స్ప్రింగు మార్చాడు. ఇరుసుకు నూనె వేశాడు. సుత్తి తల కొంచెం ఆకురాయి పట్టి తేలిక చేశాడు. మళ్ళీ హోప్ అన్నాడు. మళ్ళీ కొన్ని చుట్లు హాయి, మళ్ళీ దొర్లిన బిందె. ఈసారి ప్రోగ్రాంలో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం తగ్గించాడు. అప్పుడు మొదట్లోనే చిన్న గంట ముందుకు తోసుకొచ్చింది, నడుమ కాసేపు కుదిరింది, ఆ తర్వాత ఎప్పటిలాగే వెనకబడింది.

సిరిల్‌కు కోపం నషాళానికంటింది. "సరిగ్గా ఇదే! ఇదే చేసేవాడు వాడు కూడా! ఎన్నిసార్లు చెప్పినా..." అని అరిచి, ఎవరిమీద అరుస్తున్నాడో తెలిసి, నోరు మూసుకున్నాడు.

పెపి దుమ్ము దులుపుకుని లేచాడు. "ఆకలేస్తోందిరా. గంటలకు కూడా ఆకలేస్తోందేమో, అడుగు," అన్నాడు. దిగేటప్పుడు మెట్ల మలుపులో ఆగి, "వాడి మీద కేకలేసింది చాల్లేరా. యంత్రం మీద వెయ్యకు. అది తిరిగి ఏమీ అనదు," అన్నాడు.

నాత్సె కూడా ఏమీ అనలేదు. సిరిల్‌కు అది గుర్తొచ్చింది. గుర్తొచ్చిందాన్ని పక్కకు నెట్టి మెట్లు దిగాడు.

శుక్రవారం పొద్దున్నుంచీ వంటింటి బల్ల దగ్గరే కూర్చున్నాడు. కాఫీ గిన్నె చల్లారింది. గేదె చర్మమంత మందంగా మీగడ కట్టింది. ప్రోగ్రాంలోని ప్రతి గీతా వేలు పెట్టి చదివాడు. తప్పు దొరకలేదు. బోర్డు లోపల ఒక స్ఫటికం ముక్క కొట్టుకుంటూ ఉంటుందనీ, రోజంతా కొట్టుకున్నా అది రెప్పపాటు కూడా అటూ ఇటూ కాదనీ నేజా చెప్పింది. సిరిల్ నమ్మలేదు. రాయికి కూడా చలీ వేడీ ఉంటాయి.

ఆఖరికి ఆ సరంజామా ఊరికే ఇచ్చేవాళ్ళ దగ్గరికే వెళ్ళాడు. వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు అడిగి తెలుసుకునే చోటొకటి ఇంటర్నెట్‌లో ఉంది. అక్కడ తన ప్రశ్న రాశాడు. ల్యాప్‌టాప్ దాన్ని వాళ్ళ భాషలోకి మార్చింది. పోర్చుగల్ నుంచి ఎవరో జవాబిచ్చాడు. ఎందుకు, ఏమిటి అని అడగలేదు. చుట్టు చుట్టుకూ ఎడం కొంచెం కొంచెం తగ్గుతూ పోవాలంటే ఈ ఒక్క గీత చేర్చు, అని రాశాడు. కింద నవ్వుముఖం బొమ్మ.

సిరిల్ ఆ గీత చేర్చాడు. చివర చుక్కా కామా మర్చిపోలేదు.

ఆ మధ్యాహ్నం గోపురంలో ఏమైందంటే, మూడు గంటలూ ఒక్క మనిషికి ఆరు చేతులున్నట్టు మోగాయి. మొదటి చుట్టు నుంచి చివరి చుట్టు దాకా ఎక్కడా చీలిక లేదు. ఆగాక పెపి గంట నాలుక పట్టుకునే ఉండిపోయాడు. కళ్ళనిండా నీళ్ళు. అబద్ధాలు తప్ప ఇంకేమీ కారని కళ్ళు అవి.

"ఒరే," అన్నాడు. "ఒరే, మళ్ళీ ముగ్గురం అయ్యాం రా."

సిరిల్ తీగ లాగి చేతికి చుట్టుకున్నాడు. ఆ రాత్రి చాలా నెలల తర్వాత హాయిగా నిద్రపోయాడు.

శనివారం ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని నేజా ఇంటికి బయల్దేరాడు. ఆ పాఠాలకూ ఆ ఓపికకూ ఏదైనా ఇవ్వాలని, మూడు నెలలుగా చెక్కుతున్న కొయ్య పళ్ళబుట్టొకటి కూడా పట్టుకెళ్ళాడు.

నేజా పెరట్లో ఉంది. చెర్రీ చెట్టు పైకొమ్మలు ఎర్రబడుతున్నాయి. కింది కొమ్మల్లో కాయలు పిట్టలు కొరికి వదిలాయి. చెట్టుకు ఆనించిన నిచ్చెన కాళ్ళకు గడ్డి మొలిచింది.

"ఎక్కేవాళ్ళు లేరు," అంది నేజా, తను చూస్తున్నవైపే చూస్తున్న సిరిల్‌తో. "నాకు ఎత్తు భయం. కూర్చోండి బాబాయ్. కుదిరిందట గదా! పెపి బాబాయ్ పొద్దున్న రొట్టెల కొట్లో అందరికీ చెప్పాడు. గంటలు మోగితే గోపురం రెండడుగులు పైకి లేచిందట."

"ఒకటే లేచింది," అన్నాడు సిరిల్ నవ్వుతూ. బుట్ట ఇచ్చాడు. ల్యాప్‌టాప్ తెరిచి ఆమె ముందు పెట్టాడు. కొత్తగా నడక నేర్చిన పిల్లాడు తల్లి ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు. "చూడు. నేనే దిద్దాను. పోర్చుగల్లో ఒకడు చెయ్యందించాడు, కానీ నేనే."

నేజా చదివింది. నెమ్మదిగా, పెదవులు కదుపుతూ. ఒకచోట ఆగింది.

"ఈ గీత ఎందుకు బాబాయ్?"

"అదే మందు. సుత్తి వెనకబడుతోంది గదా. అందుకని."

"ఇది చుట్టు చుట్టుకూ ఎడం తగ్గిస్తూ పోతుంది."

"అవును. లేకపోతే ఆలస్యం పెరిగిపోతోంది."

నేజా బుట్ట అంచు మీద వేలితో రాస్తూ కూర్చుంది. "సుత్తి బద్ధకంగా లేస్తే ప్రతి దెబ్బకూ అంతే ఆలస్యం కావాలి. మొదటి దెబ్బకెంతో చివరి దెబ్బకూ అంతే. పెరగదు. ఇది పెరగడానికి..." అని ఆగింది. "ఈ గీత పెడితేనే మీతో కలిసిందంటే..."

మిగతాది అనకుండా ఉండటానికి చెర్రీ చెట్టు వైపు చూసింది.

సిరిల్ తెర మీది ఆ గీతను చూశాడు. దాన్ని తన వేళ్ళతోనే కొట్టాడు. ప్రతి చుట్టుకూ కొంచెం తొందర, ఆ తర్వాత చుట్టుకు ఇంకొంచెం. రాయి తొందరపడలేదు. సుత్తి తొందరపడలేదు. చూసుకుంటూ ఉండగా అతనికి ఫాదర్ గారు గుర్తొచ్చారు. బావి మలుపు దగ్గర, మోగని గంటల కింద, చేతిలో శిలువ పట్టుకుని, ఎప్పుడూ నడిచే నడకే నడుస్తూ. ఒళ్ళు పెంచింది లేదు. ఆయన ఎప్పుడూ అంతే లావు.

బెంచీ మీద మెల్లగా కూర్చున్నాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఆ చేతుల్ని చూశాడు.

"మీ నాన్న మోకాళ్ళకు ఏమీ కాలేదమ్మా," అన్నాడు.

"తెలుసు."

తలెత్తాడు.

"ఇదుగో, ఈ చెట్టు చిటారుకొమ్మ దాకా ఎక్కి చెర్రీలు కోసినవాడికి మోకాళ్ళేమిటి?" అంది నేజా. "చర్చికి వెళ్ళేటప్పుడు మాత్రం కుంటేవాడు. ఒక ఆదివారం ఎడమకాలు. మరో ఆదివారం కుడికాలు. ఏ కాలు చెప్పాడో ఆయనకే గుర్తుండేది కాదు. నేను మందు పూసేదాన్ని. ఏ కాలు చాపితే ఆ కాలికి పూసేదాన్ని. బుధవారం మీ ముందు మోకాళ్ళ మాట ఎత్తాను. మీరు బల్ల కిందికి దూరారు."

సిరిల్ మళ్ళీ తన చేతులకేసి చూశాడు. "గంటలవాళ్ళందరూ కలుస్తారే, వాడు గోపురం ఎక్కడం మానేసిన ఆ వేసవి, పైలోయలో. అన్ని ఊళ్ళ జట్లూ ఉన్నాయి. మా వంతొచ్చింది. నడుమలో చిన్న గంట వెనకబడింది. నాకు అలాగే వినపడింది. వాయింపు ఆపేశాను. అందరి ముందూ... 'నీ చెయ్యి ముసలిదైపోయింది నాత్సె, దిగిపో' అన్నాను. వాడు నాలుక వదిలేసి, టోపీ పెట్టుకుని, దిగిపోయాడు. నాకేసి చూడను కూడా లేదు. పెపి ఒక్కడే మాట్లాడాడు. వాణ్ణి కూడా తిట్టాను."

పిట్టలు చెర్రీల మీద కొట్లాడుకుంటున్నాయి. ఒక కాయ తెగి గడ్డిలో పడింది.

"మీ పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు," అంది నేజా. ఆమె గొంతు గట్టిపడింది. "అదే నాకు కోపం. తిట్టినా బాగుండేది. కలిసి తిట్టుకునేవాళ్ళం. ఊరికే ఇక్కడ నిలబడేవాడు, ఈ చెట్టు కింద. పండగపూట పైన మీరిద్దరూ వాయిస్తుంటే చెయ్యి ఇలా పక్కన వేలాడేసి, వేళ్ళు మాత్రం మూసి తెరిచి, మూసి తెరిచి. చివరికి వచ్చేసరికి తల ఊపేవాడు. 'పాపం, పరుగెత్తుతున్నాడు. పట్టుకునేవాడు లేడు' అనేవాడు. ఫాదర్ గారి గురించేమో అనుకున్నాను. ఎవరి గురించని అడగలేదు."

ఇన్నేళ్ళూ సిరిల్ మధ్య గంట పరుగు తీయబోతుంటే, సందుసందునా ఆ చిన్న చెయ్యి వెనక్కి పట్టి ఉంచింది. చొక్కా పట్టుకుని లాగినట్టు. ఆ లాగుడునే అతను ఆలస్యం అన్నాడు.

నేజా ల్యాప్‌టాప్‌ను అతని వైపు తిప్పింది. "ఇలాగే ఉంచెయ్యొచ్చు. రేపు చక్కగా మోగుతుంది. ఎవరికీ తెలియదు."

అది ఆమె ఎందుకు అన్నదో సిరిల్‌కు తెలియలేదు. దయతో అన్నదా, ఏం చేస్తాడో చూద్దామని అన్నదా? ఆమె ముఖంలో రెండూ లేవు. వట్టి అలసట ఉంది.

సిరిల్ లావుపాటి వేలు ఎత్తాడు. ఆ గీత మీద పెట్టి, ఒక్కో అక్షరమే చెరిపాడు. చివరి చుక్కా కామా దాకా. ఈసారి పక్క అక్షరాలేవీ పలకలేదు.

"నేను నిలకడగా కొట్టలేకపోతే రేపు ఊరంతా నవ్వుతుంది," అన్నాడు.

"నవ్వనివ్వండి," అంది నేజా. బుట్ట తీసుకుని లోపలికి వెళ్ళింది. రమ్మని అనలేదు, పొమ్మనీ అనలేదు.

ఆదివారం ఎండ కాసింది. తోలు విప్పేశారు. కింద బావి మలుపు అవతల బ్యాండు మొదలైంది, ఊరేగింపు కదిలింది. సిరిల్ మధ్య గంట నాలుకను రెండు చేతులా పట్టుకున్నాడు. అరచేతులు తడిసి ఉన్నాయి, ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"గీత తీసేశాను," అన్నాడు పెపితో. "తప్పు నాలో ఉంది. చిన్న గంటను విను. నన్ను వినకు."

పెపి ఏవో కోతలు కొయ్యబోయి అతని ముఖం చూసి మానేశాడు. "ఆ మాట వాడికి చెప్పాల్సింది రా," అన్నాడు.

"హోప్," అన్నాడు సిరిల్. ఈసారి అరవలేదు.

మధ్య, చిన్న, పెద్ద, చిన్న. తోలు లేని కంచు లోయంతా తెరుచుకున్నట్టు మోగింది. కొన్ని చుట్లు గడిచాయి. అప్పుడు సిరిల్ చేతుల్లో అది మొదలైంది. ఇన్నేళ్ళలో ఎన్నడూ గమనించలేదు. భుజం నుంచి మోచేతికి, మోచేతి నుంచి మణికట్టుకు, కిందికి దొర్లే రాయిలా ఒక తొందర. చెయ్యి ముందుకు పోబోయింది. చిన్న గంట రాలేదు. సిరిల్ పళ్ళు బిగించి ఆగాడు. వచ్చింది. మళ్ళీ పోబోయాడు, మళ్ళీ ఆగాడు. మళ్ళీ వచ్చింది, వచ్చే చోటుకే, వచ్చే వేళకే. ఒకచోట పెపి దెబ్బ తడబడి అంచుకు గీరుకుంది. ఇంకోచోట సిరిల్ కొట్టిన దెబ్బ ముందు పడింది. చిన్న గంట ఆ తప్పును పట్టించుకోలేదు, తన దారిన తను వచ్చింది. వాళ్ళిద్దరూ మళ్ళీ దాని పక్కకు చేరుకున్నారు. చెమట సిరిల్ కళ్ళలోకి దిగింది. తుడుచుకోవడానికి చెయ్యి లేదు.

చివరి చుట్టు అయిపోయి మధ్య గంటా పెద్ద గంటా నిలిచినప్పుడు, పెపి గోడ సందులోంచి కిందికి తొంగిచూశాడు.

"గుమ్మంలో ఉన్నారు రా ఫాదర్ గారు," అన్నాడు గుసగుసగా. "సరిగ్గా గుమ్మంలో. కాలు ఎత్తి లోపల పెట్టబోతున్నారు."

చిన్న గంట ఒక్కటే మోగుతోంది.

సందు విడిచి ఒక దెబ్బ, సందు విడిచి ఒక దెబ్బ. పక్కన ఇద్దరున్నట్టే, వాళ్ళకు చోటు వదులుతూ. తీగ సిరిల్ చేతికి అందేంత దూరంలోనే ఉంది. చెయ్యి చాపాడు. పట్టుకున్నాడు. లాగలేదు.

"సిరిల్," అన్నాడు పెపి. "పూజ మొదలుపెట్టాలి వాళ్ళు."

సిరిల్ కదల్లేదు. కింద బ్యాండు ఆగింది. జనం తలలెత్తి పైకి చూస్తున్నారు. మోగుతూనే ఉంది. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. మలుపు మలుపులో ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఎక్కుతున్న అడుగులు. ఎత్తంటే భయపడే నేజా గోడను రెండు చేతులా పట్టుకుని పైకొచ్చింది. ముఖం సున్నంలా ఉంది.

"బాబాయ్, తియ్యండి. ఫాదర్ గారు నిలబడి ఉన్నారు."

"ఒకసారి దింపాను," అన్నాడు సిరిల్. "మళ్ళీ ఈ చేత్తోనే దింపమంటావా?"

నేజా గంటను చూసింది. సుత్తి లేచి పడుతోంది. ఆమె దూలం పట్టుకుని వచ్చి సిరిల్ పక్కన కూర్చుంది. పక్కన వేలాడేసిన ఆమె చేతివేళ్ళు మూసుకుని తెరుచుకోవడం సిరిల్ చూశాడు. చూసి తల తిప్పుకున్నాడు.

కొన్ని చుట్లయ్యాక ఆమె అతని పిడికిట్లోంచి తీగను మెల్లగా తీసుకుంది. ఒక దెబ్బ పడేదాకా ఆగి, లాగింది.

సుత్తి పైన నిలిచిపోయింది. కంచు మాత్రం మూలుగుతూనే ఉంది. "దిగుదాం పదండి, తిడతారు," అంటూ పెపి మెట్ల దగ్గరికి నడిచాడు. నేజా అతని భుజం పట్టుకుని కళ్ళు మూసుకుని దిగింది. సిరిల్ అక్కడే ఉన్నాడు. చిన్న గంట అంచు మీద అరచెయ్యి పెట్టి, లోపల ఇంకా తిరుగుతున్న ఆ సన్నని వణుకు ఆగిపోయేదాకా ఉన్నాడు. ఆగిపోయాక కూడా కాసేపు ఉన్నాడు.